రెక్క మీద ఇంజన్ ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

పోయిన నెల చిన్న బిజినెస్ జెట్‌ల మీద రాసిన వ్యాసంలో హోండాజెట్ ఫొటో ఒకటి వేశాం. వ్యాసం సంగతి అటుంచి, వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఫొటో మీదే. ఒకాయనైతే బొమ్మ తలకిందులుగా అచ్చయిందేమో చూసుకోమన్నారు! తలకిందులు కాదు, ఆ విమానం అలాగే ఉంటుంది. ఈసారి శీర్షిక మొత్తం దానికే. పనిచేసినన్నాళ్లూ హ్యాంగర్‌లో స్పానర్ పట్టుకున్నవాణ్ణి కాబట్టి నా జవాబులు పైలట్ సీటు వైపు నుంచి కాక, ఇంజన్ కవర్ విప్పే వైపు నుంచి వస్తాయి. ముందే చెప్పేస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. పెద్ద విమానాలకు ఇంజన్లు రెక్కల కింద ఉంటాయి, చిన్న జెట్‌లకు తోక దగ్గర ఉంటాయి. హోండాజెట్‌కు మాత్రం రెక్క పైన స్తంభం నిలబెట్టి దాని మీద పెట్టినట్టున్నాయి. ఎందుకలా? చూడ్డానికి బాగుంటుందనా?

జవాబు: అందం కోసం ఇంజన్‌ని ఎవరూ అంగుళం కూడా జరపరమ్మా. దాని వెనక పెద్ద బేరమే ఉంది.

చిన్న జెట్ నేలకు బాగా దగ్గరగా నిలబడుతుంది. ఎక్కడానికి రెండు మూడు మెట్లు చాలు. అంత కిందున్న రెక్కకు అడుగున ఇంజన్ తగిలిస్తే అది రన్‌వేని రాసుకుంటుంది, లేదంటే గులకరాళ్లూ చెత్తా పీల్చుకుంటుంది. పోనీ చక్రాల కాళ్లు పొడుగు చేద్దామంటే బరువు పెరుగుతుంది, అవి ముడుచుకోవడానికి చోటు చాలదు. అందుకే 1963లో మొదటి లియర్‌జెట్ ఎగిరిన నాటి నుంచి దాదాపు అందరూ ఒకటే దారి పట్టారు. ఇంజన్లని తీసుకెళ్లి బాడీ వెనక భాగానికి చెరో పక్కా తగిలించేశారు.

ఆ దారికీ మూల్యం ఉంది. ఇంజన్ బరువూ, విమానాన్ని ముందుకు తోసే దాని బలం, అంటే థ్రస్టూ మోయాలంటే బాడీలో అడ్డంగా బలమైన దూలాలు వేయాలి. ఆ దూలాలున్న చోట మనిషి కూర్చోలేడు, సామాను పెట్టలేం. ఇంజన్ అదురు వాటి గుండా నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ హోరు చెవి పక్కనే. నూటయాభై మంది పట్టే విమానంలో కొంత జాగా పోయినా ఎవరికీ పట్టదు. ఐదారుగురు కూర్చునే విమానంలో అంతే జాగా పోతే టాయిలెట్ ఎగిరిపోయినట్టే. తలుపున్న టాయిలెట్ అని హోండాజెట్ ప్రకటనల్లో అంత గొప్పగా ఎందుకు చెప్పుకున్నారో ఇప్పుడు అర్థమైందా? ఇంజన్లు బాడీని వదిలేసి వెళ్లబట్టే ఆ చోటు మిగిలింది.

సరే, బాడీ మీద వద్దు, రెక్క కింద కుదరదు. మిగిలింది రెక్క పైభాగం. కానీ అక్కడ పెట్టొద్దనే ఏ ఏరోడైనమిక్స్ మాస్టారైనా చెబుతాడు. రెక్క పైన గాలి ముందే జోరు మీద ఉంటుంది. విమానం ధ్వని వేగంలో డెబ్బై శాతంతో పోతున్నా, రెక్క పైన కొంతమేర గాలి ధ్వని వేగాన్ని దాటేస్తుంది. దాటిన గాలి మళ్లీ ఒక్కసారిగా నెమ్మదించే చోట షాక్ వేవ్ పుడుతుంది. అది పుట్టిందంటే డ్రాగ్, అంటే విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం, ఎగబాకుతుంది, ఇంధనం కరిగిపోతుంది. అలాంటి చోట లావుపాటి ఇంజన్ డిప్ప ఒకటి పెడితే, రెక్కకూ డిప్పకూ మధ్య ఇరుకులో గాలి ఇంకా ఉరుకుతుంది, షాక్ ఇంకా ముదురుతుంది. ఇదీ మామూలు లెక్క.

హోండాజెట్ రూపకర్త మిచిమాసా ఫుజినో ఈ లెక్కని కాదనలేదు. డిప్పని ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ జరుపుతూ ఎక్కడ ఉంటే ఏం జరుగుతుందో ఓపిగ్గా చూశాడు. బాగా వెనక్కి, అంటే రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో సుమారు ముప్పావు వంతు దాటిన చోట డిప్ప మూతి వచ్చేలా, తగినంత ఎత్తులో పెట్టేసరికి కథ తిరగబడింది. డిప్ప తన ముందున్న గాలిని కాస్త నెమ్మదింపజేస్తుంది కదా, ఆ నెమ్మది సరిగ్గా షాక్ పుట్టే చోట పడింది. షాక్ బలహీనపడింది. డ్రాగ్ ఒక్కసారిగా పెరిగే వేగం ఇంకాస్త పైకి జరిగింది. అంటే రెక్క మీద ఇంజన్ ఉన్నప్పుడే పై వేగాల్లో విమానం సుఖంగా పోతోందన్నమాట. కంప్యూటర్ చెప్పింది కదా అని ఊరుకోకుండా సియాటిల్‌లో బోయింగ్ వాళ్ల విండ్ టన్నెల్‌లో మోడల్ పెట్టి 1999లో పరీక్షించారు. 2003లో ఆ ఫలితాలు అమెరికన్ ఏరోనాటిక్స్ సంస్థ పత్రికలో అచ్చయ్యాయి.

ఈ డ్రాగ్ కథ అందరూ చెబుతారు. నాకు మాత్రం దీని పక్కన జరిగిన ఇంకో పనే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. రెక్క అంటే బిగుసుకున్న పలక కాదు, గాలిలో వంగుతుంది, మెలితిరుగుతుంది. దాని వెనకంచు వైపు బరువు వేలాడదీస్తే ఒక వేగం దాటాక వంపూ మెలికా ఒకదాన్నొకటి ఎగదోసుకుని రెక్క కొట్టుకోవడం మొదలుపెడుతుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారు. క్షణాల్లో రెక్క ఊడిపోవచ్చు. వెనకంచు దగ్గర, పైగా ఎత్తున, ఇంజన్ అంతటి బరువు పెడతానని ఎవరైనా అంటే మా హ్యాంగర్‌లో ముందు అతనికి టీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లం. ఇంజన్‌ని మోసే ఆ పైలాన్ ఎంత బిర్రుగా ఉండాలి, రెక్క సహజంగా ఊగే తీరు ఎలా మారుతుంది అన్నది ఫుజినో బృందం విడిగా లెక్కకట్టి, పరీక్షించి, దాని మీదా పత్రం రాసింది. నువ్వు చదువుతున్నది మెకానికల్ కాబట్టి వైబ్రేషన్స్ పేపర్ వదిలేయకు.

ప్రశ్న: అయితే రెక్క మీద ఇంజన్ పెట్టిన మొదటి విమానం ఇదేనా?

జవాబు: కాదు. జర్మనీలో తయారైన వీఎఫ్‌డబ్ల్యూ 614 అనే చిన్న ప్రయాణికుల జెట్ 1971 జులైలోనే ఇలా పైలాన్ల మీద ఇంజన్లు మోసుకుంటూ ఎగిరింది. వాళ్ల ఉద్దేశం వేరు. కాళ్లు పొట్టిగా ఉండాలి, సరిగా లేని రన్‌వేల మీద దుమ్మూ రాళ్లూ ఇంజన్‌లోకి పోకూడదు. అంతవరకే. ప్రోటోటైపులతో కలిపి 19 తయారుచేసి ఆపేశారు. అందులో ఒకటి జర్మన్ అంతరిక్ష సంస్థ దగ్గర పరిశోధన విమానంగా 2012 దాకా పనిచేసింది. కాబట్టి ఆలోచన పాతదే. చోటు వల్ల లాభం పిండుకోవచ్చని తేల్చడం హోండా వాళ్ల సొంతం.

ప్రశ్న: మోటర్‌సైకిళ్లూ కార్లూ చేసుకునే కంపెనీకి విమానం ఎందుకు? అదీ ముప్పై ఏళ్లు పట్టిందట. మధ్యలో ఎవరూ ఆపెయ్యమనలేదా?

జవాబు: అనకేం, ఒకసారి దాదాపు ఆగిపోయింది కూడా.

హోండా విమాన పరిశోధన 1986లో మొదలైంది. ఫుజినో కార్లు చేద్దామని 1984లో చేరిన కుర్ర ఇంజినీరు. అతన్నీ మరికొందర్నీ అమెరికాలో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ విమాన ప్రయోగశాలకు పంపారు. బయటికి పెద్దగా చెప్పలేదు. అక్కడ కంపోజిట్‌లతో, అంటే కార్బన్ లాంటి నారల్ని జిగురుతో కలిపి చేసే పదార్థాలతో, పని నేర్చుకుని ఎంహెచ్02 అనే చిన్న జెట్ కట్టారు. అది 1993లో ఎగిరింది. నిలువెల్లా కంపోజిట్, ముందుకు వంగిన రెక్కలు, ఇంజన్లు రెక్క మీదే. చదువుకోవడానికి కట్టిన విమానం, అమ్మడానికి కాదు. చదువు ముగిశాక ఇంకేముందని కంపెనీలో ప్రశ్న రావడం సహజమే కదా.

1997లో ఓ రాత్రి ఫుజినోకు ఇప్పుడున్న రూపం తట్టిందట. కాగితం దొరక్క క్యాలెండర్ పేజీ వెనక గీశాడు. ఇది ఆయనే చాలాసార్లు చెప్పుకున్న కథ. ఆ గీతనే పట్టుకుని పైవాళ్లను ఒప్పించి మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి నమూనా 2003 డిసెంబర్ 3న నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో ఎగిరింది. రైట్ సోదరులు ఎగిరి వందేళ్లు నిండడానికి సరిగ్గా రెండు వారాల ముందు, వాళ్లు ఎగిరిన రాష్ట్రంలోనే. 2006లో అమ్మకాలు ప్రకటించారు. అప్పటి ధర 36.5 లక్షల డాలర్లు, 2010లో చేతికిస్తామన్నారు. నిజంగా మొదటి విమానం చేతికందింది 2015 డిసెంబర్‌లో. ధర 45 లక్షలైంది.

ఈ ఐదేళ్లు ఎక్కడ పోయాయంటే నా లెక్కలో సగం జవాబు ఇంజన్. తెలివిగలవాడు కొత్త విమానం కడితే ఇంజన్ మాత్రం మార్కెట్లో నలిగినదాన్నే కొంటాడు. హోండా వాళ్లు విమానం కొత్తది, ఫ్యాక్టరీ కొత్తది, కంపెనీ కొత్తది, చాలదన్నట్టు ఇంజన్ కూడా కొత్తదే కావాలన్నారు. అమెరికా ఇంజన్ల కంపెనీ జీఈతో 2004లో చేతులు కలిపి హెచ్‌ఎఫ్120 అనే ఇంజన్ చేశారు. దాదాపు 2,050 పౌండ్ల థ్రస్ట్ ఇస్తుంది. దానికి అమెరికా విమానయాన శాఖ, అంటే ఎఫ్‌ఏఏ, అనుమతి 2013 డిసెంబర్‌లో గానీ రాలేదు. ఇంజన్‌కే కాగితం లేనప్పుడు విమానానికి ఎక్కడిది?

కొత్త ఇంజన్‌కి అనుమతి అంటే ఏమిటో ఒక్క పరీక్ష చెబుతాను. ముందుండే ఫ్యాన్ బ్లేడ్లలో ఒకదాని మొదట్లో చిన్న పేలుడు మందు అమర్చుతారు. ఇంజన్‌ని గరిష్ఠ వేగంలో తిప్పి ఆ మందు పేలుస్తారు. బ్లేడ్ తెగి చుట్టూ ఉన్న తొడుగుని తంతుంది. తొడుగు చిరగకూడదు, ముక్క బయటికి రాకూడదు, ఇంజన్ తన మౌంట్ల మీంచి ఊడకూడదు. ఏళ్ల తరబడి చేసిన ఇంజన్‌ని రెప్పపాటులో కావాలని పాడుచేసుకుంటారు. ఇలాగే పక్షుల్ని మింగించడం, వానా మంచూ పోయడం ఉంటాయి. ఇందులో దేనికి మార్కులు తగ్గినా డ్రాయింగ్ బోర్డు దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందే.

ప్రశ్న: ఆ విమానం ముక్కుని ఆడవాళ్ల హైహీల్ చెప్పు చూసి గీశారని ఎక్కడో చదివాను. నమ్మొచ్చా?

జవాబు: ఫుజినోయే చెప్పాడు. హవాయిలో సెలవుల్లో ఉండగా ఫెరగామో చెప్పు ఒకటి చూసి ఆ వంపు పట్టుకున్నానని. వంపు ఎక్కడ దొరికిందన్నది ఎలా ఉన్నా, అది చేసే పని మాత్రం గట్టిది. గాలి ఆ ముక్కు మీద సుడులు తిరక్కుండా పొరలు పొరలుగా సాగిపోవాలి. దీన్ని లామినార్ ఫ్లో అంటారు. రెక్కకీ అదే సూత్రం. ఆ రెక్క కోత ఆకారాన్ని పాత టీ-33 జెట్ రెక్కకు తొడిగి ఆకాశంలో కూడా పరీక్షించారు.

ఈ లామినార్ ఫ్లో చాలా పెంకిది. చిన్న గరుకు తగిలినా చెదిరిపోతుంది. మామూలు రెక్క మీద చేత్తో రాస్తూ పోతే రివెట్ తలలూ రేకుల అతుకులూ వేలికి తెలుస్తాయి. హోండాజెట్‌లో బాడీ కార్బన్ కంపోజిట్ అయినా రెక్క మాత్రం అల్యూమినియమే. దాని పైతొడుగుని లోపలి పట్టీలతో సహా దిమ్మె నుంచి ఒకే ముక్కగా మరపట్టి తీశారు. అతుకులు లేవు కాబట్టి మెరక లేదు. కానీ డిజైనరు ఎంత నున్నగా చేసినా పురుగులు ఊరుకోవు. సాయంత్రం దిగిన విమానం రెక్క ముందంచు చూస్తే తెలుస్తుంది. ఎండిపోయిన పురుగు మరకలు, ఒక్కోటి ఆవగింజంత మెరక. ఒక్కో మెరక నుంచి వెనక్కి విసనకర్రలా విప్పుకుంటూ గాలి చెదిరిపోతుంది. తడిగుడ్డతో వాటిని తుడిచే హెల్పర్ కుర్రాడు ఇంధనం ఆదా చేస్తున్నాడని ఎంతమంది యజమానులకు తెలుసో నాకు అనుమానమే.

ప్రశ్న: ఇంతకంటే వింతగా ఉండే బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ విమానం స్టార్‌షిప్ ఎందుకు దెబ్బతింది? కొత్తదనం ఉంటే చాలదా?

జవాబు: మంచి పోలిక తెచ్చారు. స్టార్‌షిప్ చూస్తే ఇవాళ్టికీ రేపటి విమానంలా ఉంటుంది. అమెరికన్ విమాన రూపకర్త బర్ట్ రూటన్ బృందం కట్టిన 85 శాతం సైజు నమూనా 1983 ఆగస్టులో ఎగిరింది. మామూలు తోక లేదు. ముందు చిన్న రెక్కలు, అవి కూడా వేగాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరిగేవి. వెనక నుంచి తోసే రెండు టర్బోప్రాప్‌లు, అంటే ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ ఇంజన్లు. ఒళ్లంతా కార్బన్ కంపోజిట్. చూసినవాళ్లంతా వెర్రెత్తిపోయారు.

చిక్కు తర్వాత వచ్చింది. నమూనా ఎగిరినంత సులువు కాదు, పూర్తి సైజు విమానానికి అనుమతి తేవడం. ఒళ్లంతా కంపోజిట్‌తో, లోపల గాలి ఒత్తిడి నింపిన బిజినెస్ విమానానికి ముద్ర వేసిన అనుభవం ఎఫ్‌ఏఏకి అప్పుడు లేదు. పిడుగు పడితే? తేమ చొరబడితే? ఒక పొర ఊడితే? అనుమానం వచ్చిన ప్రతిచోటా ఇంకో పొర, ఇంకొంత బరువు. బరువు పెరిగితే ఇంజన్ పెద్దది కావాలి, ఇంజన్ పెద్దదైతే ఇంధనం ఎక్కువ కావాలి. 1988లో అనుమతి వచ్చేసరికి టేకాఫ్ బరువు 14,000 పౌండ్లు దాటింది. ధర దాదాపు 40 లక్షల డాలర్లు. ఆ డబ్బు పెట్టేవాడికి అంతకంటే వేగంగా పోయే మామూలు జెట్ దొరుకుతుంటే ప్రొపెల్లర్ విమానం ఎందుకు కొంటాడు? 53 తయారయ్యాయి. 2003లో కంపెనీయే దొరికినవాటిని వెనక్కి తీసుకుని తుక్కు చేయించడం మొదలుపెట్టింది. కొందరు యజమానులు మాత్రం ఇవ్వమని భీష్మించుకున్నారు. వాళ్లలో ఒకరి స్టార్‌షిప్ 2004లో రూటన్ అంతరిక్ష వాహనం స్పేస్‌షిప్‌వన్ ఎగిరినప్పుడు పక్కనే తోడుగా ఎగిరింది.

అదే రోజుల్లో ఇటలీ వాళ్ల పియాజియో అవంతి కూడా వచ్చింది. 1986 సెప్టెంబర్‌లో ఎగిరింది. ముందు చిన్న రెక్కలు, వెనక్కి తిరిగిన ప్రొపెల్లర్లు దానికీ ఉన్నాయి. కానీ వాళ్లు మామూలు తోక వదల్లేదు, బాడీకి అల్యూమినియం వదల్లేదు. ముందు బయటి తొడుగుని అచ్చులో కచ్చితంగా కూర్చోబెట్టి, లోపలి చట్రాలని దానికి తగ్గట్టు బిగించారు. మామూలుగా చేసేదానికి ఇది తలకిందులు. నున్నటి ఒళ్లు వచ్చింది, 400 నాట్ల (గంటకు సుమారు 740 కిలోమీటర్ల) దగ్గర వేగం వచ్చింది. ఇంజన్ పొగ ప్రొపెల్లర్ల మీద పడటం వల్ల బ్లేడ్లకు మంచు పట్టకుండా ఉండటం దానికి దొరికిన వరం, అదే కారణంగా నేల మీద వాళ్లకు వినిపించే విచిత్రమైన రొద దాని శాపం. అది బతికింది, 200 పైన అమ్ముడైంది. ఎన్ని కొత్తవి ఒకేసారి నెత్తికెత్తుకుంటావన్నదే స్టార్‌షిప్‌కీ అవంతికీ తేడా. ఆ లెక్కన హోండా చేసింది సాహసమే. ఇంజన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక, కార్లు అమ్మిన డబ్బు ఉండబట్టి గట్టెక్కింది. ఇంకో కంపెనీ అయితే ఈపాటికి అప్పులవాళ్ల చేతిలో ఉండేది.

ప్రశ్న: ఇంజన్లు అంత ఎత్తులో ఉంటే నడపడానికి ఇబ్బంది కాదా? ఒక్క పైలట్ చాలంటున్నారు, నిజమా?

జవాబు: ఒక్క పైలట్‌తో నడపడానికి అనుమతి ఉంది. ఎత్తు సంగతి: థ్రస్ట్ విమానం బరువు కేంద్రానికి పైనుంచి పనిచేస్తుంది కాబట్టి, పవర్ పెంచితే ముక్కు కిందికి దిగాలని చూస్తుంది. రెక్క కింద ఇంజన్లున్న విమానాల్లో ఇది తిరగేసి ఉంటుంది. పైలట్లు త్వరగానే అలవాటు పడతారు.

ప్రశ్న: హోండాజెట్ రన్‌వే దాటి గడ్డిలోకి వెళ్లిన ఘటనలు చాలా ఉన్నాయని విన్నాను. డిజైన్ లోపమా?

జవాబు: ఘటనలు ఉన్నమాట నిజం. ఇంజన్ ఎక్కడుందన్నదానికీ దీనికీ ముడిపెట్టకండి. ఈ తరగతి తేలికపాటి జెట్‌లలో చాలావాటికి థ్రస్ట్ రివర్సర్, అంటే దిగాక ఇంజన్ తోపుని ముందుకు మళ్లించి విమానాన్ని ఆపే ఏర్పాటు, ఉండదు, దీనికీ లేదు. దిగాక ఆపాల్సిందంతా చక్రాల బ్రేకులే. బ్రేకు పట్టాలంటే చక్రం మీద బరువు పడాలి. నేల తాకాక కూడా రెక్క ఇంకా పైకి లేపుతుంటే బరువు చక్రాలకు చేరదు. పైగా రన్‌వే తడిగా ఉండి, అవసరమైనదానికంటే పది నాట్లు ఎక్కువ వేగంతో వచ్చి దిగితే, పైలట్ ఒక్కడే ఉంటే, ఇక చెప్పేదేముంది. 2022లో వచ్చిన ఎలైట్ టూ మోడల్‌లో గ్రౌండ్ స్పాయిలర్లు పెట్టారు. నేల తాకగానే రెక్క మీద పలకలు లేచి లిఫ్ట్‌ని చంపేస్తాయి, బరువు చక్రాల మీదికి వస్తుంది. అవి మొదటి మోడల్‌లోనే ఉండాల్సిందన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: ఇంత లాభమైతే పెద్ద విమానాలకు కూడా రెక్క మీదే ఇంజన్లు పెట్టొచ్చుగా?

జవాబు: పెద్ద విమానానికి రెక్క కింద చోటుంది కాబట్టి ఆ అవసరం రాలేదు. నాలాంటి వాళ్ల వైపు నుంచి ఇంకో మాట: రెక్క కింద ఇంజన్‌ని నేల మీద నిలబడి విప్పుతాం, కింద ట్రాలీ పెట్టి దించుతాం. అదే పైన ఉంటే ప్రతి చిన్న ఫిల్టర్‌కీ మంచె ఎక్కాలి, ఇంజన్ మార్చాలంటే క్రేన్ తేవాలి. ఎయిర్‌లైన్ విమానం గంటసేపు నేల మీద ఊరికే నిలబడితేనే యజమానికి నిద్ర పట్టదు. హోండా మాత్రం ఇదే అమరికతో ఇంకొంచెం పెద్ద జెట్‌కు దిగింది. 2021లో నమూనా చూపించారు, ఎషెలాన్ అని పేరు పెట్టారు, 2,625 నాటికల్ మైళ్లు ఆగకుండా పోవాలన్నది లక్ష్యం. ఈసారి ఇంజన్ మాత్రం సొంతంగా చేసుకోవడం లేదు, విలియమ్స్ కంపెనీ ఎఫ్‌జే44 తీసుకుంటున్నారు.